కొబ్బరి పొట్టుల చేపలు

మా అత్తను ఒక్కసారన్న ఆటపట్టియ్యాలని నాకు పెండ్లయిన కాడినుంచి కోరిక. పెద్ద మోసమేం కాదు. ఆమె నోరు తెరిచి, మాట దొరకక, ఒక్క నిమిషం నా మొఖం దిక్కు చూడాలె. గంతే. పదహారేండ్లయినా ఆ నిమిషం రాలేదు.

రావుడు కష్టమే. మా మామ బొగ్గుబాయిల బొగ్గు కొట్టిన మనిషి. ముప్పయ్యేండ్లు ఆయన మూడు షిఫ్టులకు అన్నం కట్టి పంపి, ఏ షిఫ్టు నుంచి ఏ మొఖంతోని వస్తడో చూసుకుంట బతికిన ఆమెకు అబద్ధం వాసన గేటు కాడనే వస్తది. కూరగాయల బండాయన తక్కెడ కింద వేలు పెట్టిండా లేదా అన్నది లోపల కూసోని చెప్తది. ఆమె కొడుకు, అంటె మా ఆయన, ఓపెన్‌కాస్టుల, భూమి మీదికెల్లి బొగ్గు తవ్వే కాడ, డంపర్ నడుపుతడు. ఇల్లంత ఎత్తున్న బండి నడిపేటోడు, అవ్వ అప్పుడే ఇల్లు తుడిచిందని తెలిస్తె చెప్పులు చేతిల పట్టుకొని లోపలికి వస్తడు.

నాది ల్యాంపు రూం డ్యూటీ. మా నాయన మెడికల్ అన్‌ఫిట్ అయితె నాకొచ్చిన నౌకరి. బాయి దిగేటోళ్లకు తలకు పెట్టుకునే లైట్లు ఇచ్చుడు, ఎక్కి వచ్చినంక తీసుకొని చార్జింగ్‌కు పెట్టుడు. కిటికీలకెల్లి చెయ్యి వస్తది, నేను లైటు పెడుత, చెయ్యి పోతది. ఎనిమిది గంటలు గదే పని. గట్ల పనిచేసే మనిషికి ఇంటికొచ్చినంక ఏదన్న కొంటెపని చెయ్యకుంటె తోచదు.

చేపల కోసం నేను మంచిర్యాల పోలేదు. మా ఆయన కండ్లద్దాలు విరిగితె కొత్తయి చేయించనీకి పోయిన. గంట పడుతదన్నరు. పక్కది రంగు చేపల షాపు. లోపల ఫ్యాన్ జోరుగ తిరుగుతున్నది. ఆ ఫ్యాన్ గాలికి పోయి కూసున్న.

ఒక మూలకు చిన్న గాజు డబ్బల ఒక్కటే చేప ఉంది. నా బొటనవేలంత. ఒళ్లంత నీలం, ఒక్కొక్క పొలుసు చుట్టు ఎవరో ఎర్ర పెన్నుతోని గీత గీసినట్టు ఉంది. తోక కుంకుమ రంగు. అది నన్నే చూస్తున్నది. షాపాయన నాకంటె పదేండ్లు చిన్న ఉంటడు.

"అది అమ్ముడుకు కాదు అక్క. కిల్లీఫిష్. ముసలిదైంది, ఇంక నెలనో రెండు నెలలో" అన్నడు.

"గింత మంచిగున్నది, ముసలిదా?"

"వీటి బతుకే ఏడెనిమిది నెలలు. గని నీకు కావాల్నంటె చేపలు ఇస్త" అని బల్ల కింది నుంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసిండు. లోపల గోధుమ రంగు కొబ్బరి పొట్టు, జరంత తడి. "ఇండ్ల ఉన్నయి చేపలు."

"నా మొఖం మీద ఏమన్న రాసున్నదా తమ్మి?"

ఆయన నవ్వి, మెల్లగ చెప్పిండు. ఇవి ఆఫ్రికాల వానగుంతలల్ల ఉండే చేపలట. ఎండకాలం గుంత ఎండుతది, చేపలన్ని చచ్చిపోతయి. గుడ్లు మాత్రం బురదల పడుకొని ఉంటయి. మల్ల వాన పడ్డనాడు పిల్లలై లేస్తయి. "ఇగో, ఈ కవర్ ఎండిన గుంత అనుకో. వానవు నువ్వే" అన్నడు.

నమ్మలేదు. అయినా తీసుకున్న. ఇంట్ల ఎవరికి చెప్పలేదు. సాయంత్రం పాత ప్లాస్టిక్ టబ్బుల పొట్టు పోసి, నీళ్లు పోసి, వెనుక వరండల గోడ వారకు పెట్టిన. తెల్లారి డ్యూటీకి పొయ్యే ముందు మొబైల్ లైటు కొట్టి చూస్తె, నీళ్లల్ల కనురెప్ప వెంట్రుకలసొంటియి కదులుతున్నయి. ఒక్కొక్క వెంట్రుకకు రెండు కండ్లు. నేను ఆనాడు ల్యాంపు రూంల ఇద్దరికి లైట్లు తారుమారు ఇచ్చిన.

రెండు వారాలకు అవి చేపలని తెలిసేటంత అయినయి. అప్పుడు మా అత్త కండ్ల పడ్డయి.

"ఏంది ఇయ్యి?"

"కిల్లీ చేపలు అత్తమ్మ. మంచిర్యాల నుంచి తెచ్చిన."

"కిళ్లీ చేపలా? పాన్ డబ్బల అమ్ముతరా?"

"అది వాటి పేరు."

"ఎన్ని కిలోలైతయి?"

"తినేటియి కాదు అత్తమ్మ. చూసేటియి."

"చూసుడు అయినంక?"

చేపపిల్లలు కొనుక్కొచ్చిననే ఆమె అనుకున్నది. పొట్టు సంగతి నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు నాకే తెల్వదు. ఏదో ఒకనాడు పనికొస్తదని లోపల ఎక్కడో అనిపించి ఉంటది.

చేపలు పెంచుడు అంటె సగం పని వాటి తిండి పెంచుడే. కిల్లీలకు ఎండు మేత వేస్తె మొఖం తిప్పుకుంటయి. కదిలేటిది కావాలె. అందుకని బాత్‌రూం వెనుక ఒక బకెట్ల నీళ్లు, నాలుగు ఎండు ఆకులు వేసి పెట్టిన. దోమలు వచ్చి గుడ్లు పెట్టేటియి. పురుగులు కాంగనే రెండు రోజులకొకసారి చాయ్ వడపోసే జాలితోని తీసి చేపలకు వేసేదాన్ని. ఒక్కటి కూడ దోమై ఎగరకుంట చూసుకున్న. గని చూసేటోళ్లకు ఏం కనిపిస్తది? కంపెనీ క్వార్టర్ల ఒక ఆడామె బకెట్ల దోమలు సాదుతున్నది.

వానకాలం వచ్చింది. శానిటేషన్ సూపర్‌వైజర్ ఒకాయన కట్టె పట్టుకొని ఇంటింటికి తిరిగి, కూలర్లు, కుండీలు, పాత టైర్లు చూసి, నిలువ నీళ్లు కనిపిస్తె అక్కడనే కుమ్మరించి, పది మంది ముంగట క్లాసు తీసుకునేటోడు. ఒకనాడు నేను డ్యూటీ దిగి గేటు తీస్తున్న, ఆయన అప్పటికే మా వెనుక వాకిట్ల ఉన్నడు. మా అత్తకు ఆ బకెట్ అంటె పడదు. వారం రోజులు గొణుగుతున్నది. ఇయ్యాల నా పని అయిపోయిందనుకున్న.

పోయి చూస్తె మా అత్త బకెట్ మీద పీట వేసుకొని, దాని మీద కూసోని, చీర కుచ్చెళ్లు చుట్టూ పరుచుకొని, ఒళ్లె చాట పెట్టుకొని బియ్యం ఏరుతున్నది. బాత్‌రూం వెనుక. ఎండల.

"ఇక్కడేం లేవు కొడుకా నీళ్లు. మా కోడలు దోమలంటె మస్తు భయపడుతది" అన్నది.

ఆయన ఆమెను చూసి, బియ్యాన్ని చూసి, ఇంక రెండు అడుగులు వేద్దామా వద్దా అని ఆలోచించి, వెళ్లిపోయిండు. గేటు పడ్డ చప్పుడు అయినంక మా అత్త లేచి నడుము పట్టుకున్నది.

"అబద్ధమాడిన. ప్రభువు నన్ను క్షమించాలె. నువ్వు నాకు నాటుకోడి కూర చెయ్యాలె" అన్నది.

చేసిన. ఆ వారంల రెండుసార్లు చేసిన. మూడోసారి కూడ అడిగింది, గని అప్పటికి ఆయన వేరే క్వార్టర్ల లైన్లకు పోయిండని తెలిసి నాకు ధైర్యం వచ్చింది.

నెలన్నరకు చేపలు పెద్దగైనయి. మగవాటికి రంగులొచ్చినయి, ఆడవి మాత్రం ఉత్త బూడిద రంగు. పగటిపూట ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగ్ అయితె మా క్వార్టర్ కిటికీలు ఒకసారి గలగలమంటయి. మాకు అలవాటే. చేపలకు కాదు. మొదటిసారి బ్లాస్టింగ్‌కు ఒకటి టబ్బులకెల్లి ఎగిరి వరండల ఉన్న పాత బీరువ వెనుక పడింది. మల్ల దొరకలేదు. అప్పటినుంచి టబ్బు మీద పిండి జల్లెడ బోర్లించేదాన్ని. రొట్టెలు చేసేటప్పుడు మా అత్త జల్లెడ కోసం వెతికి వెతికి, ఆఖరికి "నీ చేపల నెత్తి మీద టోపీ తియ్యి" అని కేక వేసేది.

గుడ్లు పెట్టించుడు అసలు పని. కొబ్బరి పొట్టు తెచ్చి పాత అన్నం గిన్నెల నాలుగు సార్లు ఉడికించిన. నీళ్లు ఎర్రగ డికాషన్ లెక్క దిగినయి. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, మూత తీసి, వాసన చూసి, మల్ల మూత పెట్టి పోయిండు. ఉడికిన పొట్టును ఒక గిన్నెల వేసి టబ్బు అడుగున పెట్టిన. ఇగ అప్పుడు మొదలైంది. మగచేప రెక్కలన్ని విప్పుకొని ఆడచేప చుట్టూ తిరుగుతది, దాని మీదికి ఒరుగుతది, రెండు ఒకదానికొకటి అంటుకొని పొట్టులకు దూరి, ఒక్కసారి వణికి, దుమ్ము లేపి బయటకు వస్తయి. మల్ల మొదలు. పొద్దంత గదే.

మా అత్త ఒకనాడు నిలబడి మొత్తం చూసింది. "సిగ్గులేని జాతి" అన్నది. బేస్తారం మా ఇంట్ల ఆడోళ్ల కూడిక. చర్చి ఆడోళ్లు వచ్చి పాటలు పాడి ప్రార్థన చేస్తరు. ఆ బేస్తారం వాళ్లు వచ్చే ముందు మా అత్త తన తువ్వాల తెచ్చి టబ్బు మీద కప్పింది. తువ్వాల కప్పిండ్రంటె ఇంక ఊరుకుంటరా? ప్రార్థన నడుస్తుంటె ఒక్కొక్కరు మంచినీళ్ల సాకుతోని వెనుక వరండకు పోయి, తువ్వాల మూల ఎత్తి చూసి, మొఖం గట్టిగ పెట్టుకొని వచ్చి కూసున్నరు. ఆనాడు ఎన్నడు లేనంత దూప అయింది అందరికి.

చలికాలం పోయేటప్పటికి చేపలు ముసలివైనయి. రంగు వెలిసింది, వీపు వంగింది. ఒకటి తరువాత ఒకటి పోయినయి. ఇవి గింతే బతుకుతయని తెలుసు, అయినా ఆఖరి మగచేప అడుగున పక్కకు ఒరిగి ఉన్ననాడు నాకు అన్నం తినబుద్ధి కాలేదు. దాన్ని జామచెట్టు మొదట్ల పాతిపెట్టిన. మా ఆయన గుంత తవ్విచ్చిండు.

గుడ్లు మాత్రం నా దగ్గర ఉన్నయి. పొట్టు తీసి, బట్టల గట్టిగ పిండి, పేపర్ మీద ఆరబెట్టి, కవర్లల్ల మూట కట్టి, ఒక బిస్కెట్ల డబ్బల పెట్టి బీరువ మీద దాచిన. పిసికితె నీళ్లు రావద్దు, ఇడిస్తె పొడి కావద్దు, గంత తడి. మూడు నెలలు. నడుమల ఇంట్ల ఎవరు లేనప్పుడు తీసి లైటు కింద చూసేదాన్ని. గసగసంత గుడ్డు. మొదట ఉత్త గాజు ముత్యం లెక్క ఉంటది. తయారైనంక దాని లోపల కండ్లు కనిపిస్తయి. బంగారు ఉంగరంల నల్ల చుక్క పెట్టినట్టు రెండు కండ్లు మనల్నే చూస్తుంటయి.

కండ్లొచ్చిన వారమే మా అత్త కదిపింది. ఖాళీ టబ్బు వాకిట్ల బోర్లించి ఉంది.

"చేపలు పాయె. ఆ డబ్బల ఏం దాస్తున్నవు? చేపల కింద మట్టా?"

అప్పుడు నా నోట్లకెల్లి వచ్చింది, ఆలోచించక ముందే. "మట్టే అత్తమ్మ. గని నువ్వు ప్రార్థన చేసి నీళ్లు పోస్తె, పొద్దుగాలకు చేపలైతయి."

"ప్రార్థన చేసి?"

"ఆ."

"నేను?"

"నువ్వే. నీ చేతులతోనే."

టబ్బు కడిగి పెట్టిన. ఒక కవర్ విప్పి పొట్టు పోసిన. ఆమె నెత్తి మీదికి కొంగు కప్పుకొని, చెంబు పక్కకు పెట్టుకొని, కండ్లు మూసుకున్నది. ముందు కొడుకు డ్యూటీ కోసం ప్రార్థన చేసింది. తరువాత బాయి దిగే అందరి కోసం చేసింది. పెద్దపల్లిల ఉన్న చెల్లె షుగర్ కోసం చేసింది. ఆఖరికి, "ప్రభువా, ఈ మట్టిల ఏమున్నదో నీకు తెలుసు, నా కోడలి మనసుల ఏమున్నదో కూడ నీకు తెలుసు" అని నీళ్లు పోసింది. ఆ ఆఖరి మాట నా చెవుల పడ్డది. గని నవ్వు ఆపుకునుడే పెద్ద పనైంది. పట్టించుకోలేదు.

తెల్లారి ఐదున్నరకు ఇద్దరం టబ్బు మీద వంగినం. లైటు కొట్టిన. నలభైకి పైన ఉంటయి. నీళ్ల నిండ కండ్లు.

మా అత్త నోరు తెరిచింది. మాట రాలేదు. టబ్బు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. ఒక చెయ్యి గుండె మీద పెట్టుకున్నది. పదహారేండ్లు ఎదురుచూసిన నిమిషం గది. ఒక్క నిమిషం కాదు, లెక్క పెడితె రెండు ఉంటయి. నేను ఆ సంతోషం ఒళ్లంత నింపుకొని డ్యూటీకి పోయిన. అన్నిటికంటె ముందు నిజం చెప్పాల్సింది. మాపటికి చెప్దామని ఆపిన. ఇంకొంచెం సేపు ఉండనియ్యి అనుకున్న.

మాపటికి ఇంటికొస్తె గేటు బయట తొమ్మిది జతల చెప్పులున్నయి.

వరండల టబ్బు చుట్టు ఆడోళ్లు కూసున్నరు. పాట నడుస్తున్నది. మా అత్త నడుమల కూసోని, "నా చేతులతోనే పోసిన, ఉత్త మట్టి" అని చెప్తున్నది. మూడో క్వార్టర్ అక్క ఒకామె టబ్బు నీళ్లల్ల వేలు ముంచి మోకాలికి రాసుకున్నది. నాకు అప్పుడు నవ్వు రాలేదు. టిఫిన్ డబ్బ చేతిల పట్టుకొని గడప కాడనే నిలబడిన.

మా ఆయనను పక్కకు పిలిచి మొత్తం చెప్పిన. ఆయన నవ్వు ఆపుకోలేక నవ్వి, దగ్గి, కండ్లు తుడుచుకున్నడు.

"నువ్వే చెప్పు మీ అవ్వకు" అన్న.

"నువ్వే చేసినవు, నువ్వే చెప్పుకో. నేను డంపర్ నడుపుత. మా అవ్వను నడపలేను" అన్నడు.

మరునాడు చెప్దామని వంటింట్లకు పోయిన. "అత్తమ్మ, ఆ చేపల సంగతి..." అన్న.

"ఐతారం చర్చిల సాక్ష్యం చెప్త" అన్నది ఆమె, ఉల్లిగడ్డ కోసుకుంట. "అయ్యగారికి కూడ చెప్పిన. ఆయన వచ్చి చూస్తనన్నడు."

అయ్యగారు అంటె మా పాస్టర్. మంచి మనిషి. గని రెండు వందల మంది ముంగట మా అత్త మైకు పట్టుకొని దేవుడు మట్టిల చేపలు పుట్టించిండని సాక్ష్యం చెప్పుడు, ఆ తరువాత ఎవరో ఒకరు మంచిర్యాల షాపుకు పోవుడు, ఆ తరువాత ఆమె ఈ లైన్ల తలెత్తుకొని ఎట్ల నడుస్తది? నేను కోరుకున్నది ఒక్క నిమిషం. ఆమె బతుకంత కాదు.

బేస్తారం ఒకసారి మొదలుపెట్టిన, పక్కింటామె వచ్చింది. శుక్రారం మొదలుపెట్టిన, "చేపలకు తిండి వేసినవా, దేవుడిచ్చిన పానాలు" అని మాట మార్చింది. శనారం సాయంత్రం గట్టిగ అనుకొని ఆమె మంచం మీద పోయి కూసున్న. ఆమె రేపు కట్టుకునే తెల్లచీర మడత పెడుతున్నది.

"అత్తమ్మ, నీకొకటి చెప్పాలె."

"రేపు చర్చి అయినంక చెప్పు. ఇయ్యాల నేను ఏం చెప్పాల్నో మనసుల అనుకుంటున్న. చెడగొట్టకు."

ఆ రాత్రి నిద్ర పోయిన్నంటె అబద్ధం.

ఐతారం. చర్చి నిండింది. పాటలు అయినయి. అయ్యగారు, "సాక్ష్యాలు ఉన్నోళ్లు రావచ్చు" అన్నడు. మా అత్త లేచింది. తెల్లచీర, చేతిల బైబిల్. మెల్లగ నడిచి మైకు ముంగటికి పోయింది. అందరికి వందనాలు చెప్పింది. నేను ఆడోళ్ల వరుసల నాలుగోదాంట్ల కూసోని చేతి రుమాలు పిసుకుతున్న.

"మా ఇంట్ల జరిగింది మీరందరు విన్నరు" అన్నది. "గని ఇయ్యాల సాక్ష్యం నాది కాదు. మా కోడలిది. ఆమె నాలుగు దినాల సంది చెప్పాలె చెప్పాలె అని నా ఎంబడి తిరుగుతున్నది. నేనొక్కదాన్నే విని ఏం లాభం? అందరు వినాలె. రా బిడ్డ."

అందరు నా దిక్కు తిరిగిండ్రు. మగవాళ్ల వరుసల మా ఆయన తల కిందికి వేసుకొని షర్టు గుండీ చూసుకుంటున్నడు. నేను లేచి ఎట్ల నడిచిన్నో యాదికి లేదు. మా అత్త మైకు నా చేతిల పెట్టి పక్కకు జరిగి, దేవదూత లెక్క నిలబడింది.

చెప్పిన. అంతా చెప్పిన. మంచిర్యాల షాపు, కవర్, ఆఫ్రికాల గుంతలు, మూడు నెలల డబ్బ, అత్తను ఆటపట్టియ్యాలన్న కోరిక. "అది అద్భుతం కాదు. గుడ్లు. నేను తప్పు చేసిన. ప్రార్థనను ఆటకు వాడుకున్న. క్షమించుండ్రి" అన్న. నా గొంతు మైకుల వేరే ఎవరిదో లెక్క వినిపించింది.

ఫ్యాన్లు తిరుగుతున్నయి. ముందు వరుసల మోకాలికి నీళ్లు రాసుకున్న అక్క నన్ను గుడ్లురిమి చూస్తున్నది.

అయ్యగారు గొంతు సవరించుకున్నడు. "అమ్మ, ఒకటి అడుగుత. ఆ గుడ్లు నీళ్లు లేకుంట ఎన్ని నెలలు ఉంటయి?"

"మూడు నెలలయ్య. కొన్ని జాతులు ఆరు నెలలు కూడ."

"చావకుంట?"

"చావకుంట."

"మరి అది చిన్న సంగతా?" అన్నడు ఆయన, నన్ను కాదు, అందరిని. ఎవరో వెనుక నుంచి పకాలున నవ్విండ్రు. అది మా ఆయనే అని నాకు ఇప్పటికీ అనుమానం. తరువాత చర్చి మొత్తం నవ్వింది. గోడ మీది గడియారం కాడ కూసున్న ముసలాయన ఒకాయన, బాయిల పని చేయించి రిటైరైన ఓవర్‌మ్యాన్, నవ్వుకుంట దగ్గుకు పడి బయటకు పోవాల్సి వచ్చింది. నేను మొఖం ఎర్రగ చేసుకొని వచ్చి నా జాగల కూసున్న. తరువాత అయ్యగారు వాక్యం ఏం చెప్పిండో ఒక్కముక్క ఎక్కలేదు.

బయట చెప్పుల కాడ మా అత్తను పట్టుకున్న.

"నీకు ముందే తెలుసా?"

"బీరువ మీద దుమ్ము దులుపుతుంటె డబ్బ కిందపడ్డది. పొట్టు ఎత్తుతుంటె నా దిక్కు ఎవరో చూస్తున్నట్టు అనిపించింది. చూస్తె గుడ్లకు కండ్లున్నయి" అన్నది. "దవాఖానల రెండు కండ్లకు ఆపరేషన్ చేయించుకున్నది ఎందుకు మరి? నీకే కనిపిస్తయా అయ్యి?"

"ఎప్పుడు పడ్డది?"

"నువ్వు ప్రార్థన చెయ్యమన్న దానికి రెండు దినాల ముందు."

నేను చెప్పు ఒకటి వేసుకొని, ఒకటి చేతిల పట్టుకొని నిలబడ్డ. "మరి ఆనాడు పొద్దుగాల నోరు తెరిచినవు కద? గుండె మీద చెయ్యి పెట్టుకున్నవు!"

"తెరిస్తె నువ్వు సంతోషపడుతవని తెరిచిన."

"మరి ఆ మోకాలి అక్క?"

"నీళ్లు రాసుకోమని ఆమెకు నేను చెప్పలే. ఆమెకు నిజంగనే నొప్పి తగ్గిందట. ఇప్పుడు నువ్వు చెప్పినంక మల్ల మొదలైందట. నీతోని మాట్లాడదట."

ఆ అక్క నిజంగనే రెండు నెలలు నాతోని మాట్లాడలేదు. తరువాత ఒకనాడు తనే వచ్చి, "ఆ పొట్టు జరంత ఉంటె ఇయ్యి" అన్నది. చేపల కోసమా మోకాలి కోసమా అని నేను అడగలేదు. కాయితంల పొట్లం కట్టి ఇచ్చిన. అప్పటికే ఆరుగురికి ఇచ్చి ఉన్న. అయ్యగారు మొదటి పొట్లం తీసుకున్నడు, గని ఆయన తొందరపడి, తడిపిన దాన్ని ఆ రాత్రే నాలుగు సార్లు కలిపి చూసిండట, సగం పిల్లలు అడుగుననే పాకుతున్నయట, ఈదలేవట. మా అత్త ఫోన్ల ఆయనకు క్లాసు తీసుకున్నది. "గుడ్డుల ఉన్నదాన్ని గడియకొకసారి లేపితె ఎట్లయ్యగారు? మీరు వాక్యం చెప్పేటప్పుడు మేం లేపుతున్నమా?"

అవును, మా అత్తే. చేపల సంగతుల ఇప్పుడు ఆమె మాటే నడుస్తది. ఆమెకు ఆమె టబ్బు, నాకు నా టబ్బు. ఆమె దాంట్ల మగచేప నా దానికంటె రంగున్నది, నిజం చెప్పాలంటె. ఎందుకంటె బకెట్ల పురుగులల్ల లావుగున్నయి అన్ని నేను డ్యూటీకి పోయినంక ఆమె టబ్బుకే పోతయి. అడిగితె "పురుగులకు పేరు రాసి పెట్టినవా?" అంటది. ఎండలు ముదిరినప్పుడు నీళ్లు వేడెక్కి చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటె, ఆమె తాగే నీళ్ల మట్టి రంజన్ ఖాళీ చేసి చేపలను దాంట్ల వేసింది. తనేమో ఫ్రిజ్ నీళ్లు తాగి గొంతు పట్టించుకొని, వారం రోజులు ఆ నేరం నా మీద వేసింది.

మొన్న ఇద్దరం కలిసి మంచిర్యాల పోయినం. షాపాయన మా అత్తతోని పది నిమిషాలు మాట్లాడి, చేతులు కట్టుకున్నడు. ఆయన పొట్టు ఎక్కువ తడిగ ఉంటున్నదని ఆమె చెప్పింది. ఆయన ఒప్పుకున్నడు. వచ్చేటప్పుడు ఇంకో జాతి కిల్లీ జంట ఇచ్చిండు. ఇవి బురదల గుడ్లు పెట్టయట. ఊలు దారాలు కుచ్చు కట్టి నీళ్లల్ల వేలాడదీస్తె వాటికి అంటిస్తయట. ఎండబెట్టుడు లేదు, దాచుడు లేదు, రెండు వారాలకు పిల్లలే.

ఇంటికొచ్చినంక ఊలు ఎక్కడ తేవాలె అని నేను ఆలోచిస్తున్న. మా అత్త లోపలికి పోయి ట్రంకు పెట్టె తెరిచింది. మా మామ చలికాలం నైట్ షిఫ్టుకు పెట్టుకున్న మంకీ టోపీ తెచ్చింది. ఆకుపచ్చది. ఆయన పోయి తొమ్మిదేండ్లు. నేను వద్దంటున్న.

"ఆయన బాయిల ఉన్నప్పుడు తల వెచ్చగ ఉండాలని అల్లిన. ఇప్పుడు పెట్టెల ఎవరి తల ఉన్నది?" అని దారం కొస వెతికి పట్టుకున్నది.

ఇద్దరం వరండల కూసున్నం. ఆమె టోపీ విప్పుతుంటె నేను దారం చేతికి చుట్టుకుంట పోయిన. ఉడకబెట్టి రంగు పోగొట్టినం. కుచ్చు కట్టి, బాటిల్ బిరడకు ముడేసి, నీళ్లల్ల వదిలినం. మూడో రోజు తీసి, నీళ్లు పిండి, దారాల నడుమ వేళ్లతోని వెతికినం. గట్టి గుడ్లు, గాజు పూసలసొంటియి. మా అత్తే లెక్కపెట్టింది.

"నాలుగు" అన్నది. కుచ్చు మల్ల నీళ్లల్ల వేసి, చెయ్యి తుడుచుకొని, "కోడి నయం" అన్నది.

తెల్లారి నేను లేచేటప్పటికి ఆమె అప్పటికే కుచ్చు బయటకు తీసి, కండ్ల దగ్గర పెట్టుకొని చూస్తున్నది.